సీమకెళ్ళే పప్పు

నరసింగరావుకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, ఆ తరవాతే నోరు లేస్తుంది. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆయన గేటు దాటి వస్తుంటే ముఖం చూడరు, చెవులు చూస్తారు. మామూలుగా ఉంటే కబుర్లు సాగుతాయి. ఎర్రగా ఉంటే జీడిపిక్కల మీద కర్రసుత్తి దెబ్బలు తప్ప మరో చప్పుడుండదు.

ఆ మంగళవారం పొద్దున్న ఆ చెవులు ఎరుపూ కాదు, మామూలూ కాదు. పాలిపోయి ఉన్నాయి. భయం అన్నమాట. యాభై దాటిన మనిషి, మూడు షెడ్ల యజమాని, పెళ్ళిచూపులకి కూర్చున్న పిల్లలా ఉత్తరీయం అంచు నలుపుతూ నిలబడ్డాడు. విశాఖపట్నం నుంచి ఎగుమతి సరుకు తనిఖీ చేసే ఆఫీసరు సుందరరావుగారు వచ్చారు మరి.

కోటబొమ్మాళి స్టేషనుకి అవతల, రేకుల షెడ్డులో, డబ్బాలు గోడవారగా వరసలు పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ కిరసనాయిలు డబ్బా అంత ఉంటుంది. పప్పు నింపి, లోపలి గాలి లాగేసి, చెడిపోకుండా వేరే గాలి పట్టించి, మూత చుట్టూ టంకం వేసి మూసినవి. ప్రతి డబ్బా మీదా ఇంగ్లీషులో ఊరి పేరు అచ్చు వేయించాడు నరసింగరావు. ఇన్నాళ్ళూ ఈ చుట్టుపక్కల కొండల్లో కాసిన పిక్క గోనెసంచుల్లో రైలెక్కి ఎక్కడో పడమటి తీరానికి పోయేది. అక్కడ పప్పయి, అక్కడి వాళ్ళ పేరుతో ఓడెక్కి లండను చేరేది. ఇదే మొదటిసారి, ఇక్కడి పిక్క ఇక్కడే పగిలి, ఇక్కడి పేరుతో సముద్రం దాటబోవడం.

రూపాయి విలువ తగ్గించి ఏడాది దాటింది. ఎగుమతులు చెయ్యండి, దేశానికి డాలర్లు తెండి అని మంత్రులు మీటింగు మీటింగులో చెబుతున్నారు. చెప్పడానికేం, నోరే కదా. చేసేవాడికి తెలుస్తుంది. ఈ సరుకు గాని ఓడెక్కితే లండను ఏజెంటు ఏడాది పొడుగునా కొంటానన్నాడు. అంటే వానాకాలంలోనూ షెడ్లు మూతపడవు. ఎక్కకపోతే మళ్ళీ ఆ పడమటి వర్తకుల గుమ్మంలో నిలబడడమే, ఆడవాళ్ళలో సగం మందిని ఇళ్ళకి పంపడమే.

"ఇది తియ్యండి" అన్నారు సుందరరావుగారు, మధ్య వరసలో ఒక డబ్బా చూపించి.

సోములు టంకం కరిగించి మూత లేపాడు. పప్పు ఆరబెట్టే వేడిగది చూసుకునేది అతనే, టంకం పనీ అతనిదే. సుందరరావుగారు వంగి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. నరసింగరావు కూడా వంగాడు.

తెల్లని పప్పు మీద చిటికెడు పసుపు, దాని పక్కన చిటికెడు కుంకం.

"ఇదేమిటండీ?"

మేనేజరు జగన్నాధం చెయ్యి పెట్టి తీసెయ్యబోయాడు. "ముట్టుకోకండి" అన్నారు ఆఫీసరు నెమ్మదిగా. "బయటి పదార్థం. ఇది ఒక్కదాన్లోనే ఉందని నేనెలా నమ్మను? డబ్బాలన్నీ విప్పించండి. చూసుకుని మళ్ళీ మూయించండి. శుక్రవారం పొద్దున్న వస్తాను. బాగుంటే సర్టిఫికెట్ ఇస్తాను. ఆదివారం ఓడ కదా, అందుతుంది లెండి."

మంచివాడే. గట్టిగా ఒక మాట అనలేదు. అయినా నరసింగరావుకి తల కొట్టేసినట్టయింది. అప్పుడు చెవులు ఎర్రబడ్డాయి చూడండి, పక్క షెడ్డులో పొట్టు తీసేవాళ్ళ చేతులు కూడా ఆగిపోయాయి.

"ఎవురిది ఈ పని?"

పప్పు నింపే వరసలోంచి గున్నమ్మ లేచి నిలబడింది. ముదిమి మొదలైన మనిషి, బక్కపలచటి మనిషి. తాటాకుల పాక కింద ఈ పని మొదలైన రోజు నుంచీ ఉంది. జీడి సొన అంటి అంటి వేళ్ళ చివర్లు నల్లగా, బెరడులా తయారయ్యాయి.

"నానే బాబూ."

"నువ్వా! ఎందుకెట్టేవమ్మా?"

"ఎందుకేటి బాబూ? మనింటికాడ నుంచి మొదటిపాలి ఊరు దాటి ఎల్తన్నాది. ఆడపిల్లని అత్తోరింటికి అంపినపుడు పసుపూ కుంకం ఎట్టకుండా అంపుతామేటి? ముందర నింపిన డబ్బాలో ఎట్టేను. ఆ ఒక్కదాన్లోనే."

"ఎట్టాలంటే పైన ఎట్టలేకపోనావా!"

"పైనెడితే వానకి కరిగిపోదేటి? సీమ దాకా ఎల్లాల గదా!"

సుందరరావుగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "మా ఇంట్లో ఎవరైనా ప్రయాణమైతే మా అమ్మ ప్రార్థన చేసి పంపుతుందండీ" అన్నారు. "అదయితే డబ్బాలో కనపడదు."

హాస్యానికే అన్నారు పాపం. కానీ నరసింగరావుకి అది కారం చల్లినట్టే అయింది. బయటి మనిషి ముందు, అందరి ముందు నవ్వులపాలయ్యాననుకున్నాడు. "ఇన్నాళ్ళ కష్టం, ఊరి పేరు, చిటికెడు పసుపులో కలిపేసేవు. నీకు మరి ఇక్కడ పని లేదు, ఎల్లు" అన్నాడు. షెడ్డంతా వినపడేలా అన్నాడు. ఆమె తన అన్నం గిన్నె తీసుకుని, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

సుందరరావుగారు కలగజేసుకోకుండా సంచి అందుకున్నారు. అది ఆయన పని కాదు కదా.

బుధవారం డబ్బాలు విప్పడం మొదలైంది. సోములు, ఇంకో ఇద్దరు టంకాలు కరిగిస్తున్నారు. ఆడవాళ్ళు గుడ్డలు పరిచి పప్పు ఒంపి, అరచేత్తో నెరిపి చూస్తున్నారు. మామూలుగా ఇంత మంది ఒకచోట కూచుంటే, ఎవరి కోడలు ఏమందో, ఎవరి బావ ఎక్కడ తాగి పడిపోయాడో, అన్నీ అక్కడే తేలిపోతాయి. ఆ రోజు ఒక్కరూ నోరిప్పలేదు. నరసింగరావు అటూ ఇటూ తిరుగుతున్నాడు. పలకరిస్తే తలూపుతున్నారు, అంతే. గున్నమ్మ కూచునే చోట ఎవరూ కూచోలేదు. చోటు చాలక ఒకరి మోకాలు ఒకరికి తగులుతున్నా సరే, ఆ చాప మాత్రం ఖాళీగా ఉంచేశారు.

"సూసేవా, పంతం" అన్నాడు నరసింగరావు జగన్నాధంతో.

"రెండ్రోజులుంటే మరిసిపోతారు బాబూ."

మధ్యాన్నానికి సగం పైగా విప్పారు. ఎక్కడా పసుపు లేదు. గున్నమ్మ అన్నంత నిజం. ఆ ఒక్క డబ్బాలోనే పెట్టింది, ఆఫీసరు చెయ్యి వెళ్ళి వెళ్ళి దాని మీదే పడింది. నరసింగరావుకి కొంచెం ఊపిరి ఆడింది. అన్నం తిని వచ్చి చివరి వరస దగ్గర కూచున్నాడు. సోములు మూత లేపాడు.

వాసన. ఎక్కువేం కాదు. వానాకాలంలో మూసిన గది తలుపు తీస్తే వచ్చే ముక్కిపోయిన వాసన, సన్నగా.

నరసింగరావు ఒక పప్పు తీసి వేళ్ళ మధ్య విరిచాడు. బాగా ఆరిన పప్పు టప్పుమని విరగాలి. ఇది వంగి, మెత్తగా నలిగింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే. పక్క డబ్బా, దాని పక్కది, ఆ వరసంతా అలాగే ఉంది. ఇవి గాని ఓడెక్కితే నెల తిరక్కుండా సముద్రం మీదే బూజు పడతాయి. లండనులో మూత తీసినవాడు ముక్కు మూసుకుని డబ్బా మీద పేరు చదువుతాడు. కోటబొమ్మాళి అని.

"ఎవుడ్రా ఇది ఆరకముందు తీసినోడు?"

సోములు చేతిలో టంకం కడ్డీ కింద పెట్టాడు. తల ఎత్తలేదు.

"నిన్నే అడుగుతన్నాను. వేడిగది నీదే గదా. ఎందుకు తీసేవు?"

"తవరే సెప్పేరు బాబూ" అన్నాడు సోములు, తనకే వినపడనంత మెల్లిగా.

అప్పుడు గుర్తొచ్చింది నరసింగరావుకి. మొన్న వారం ముసురు పట్టి, ఎంత మంట వేసినా వేడిగది వేడెక్కలేదు. ట్రేల దగ్గర సోములు "రేపటిదాకా ఉంచాల బాబూ" అన్నాడు. ఓడ తేదీ తలకెక్కి, తనే కసిరాడు. "రేపూ ఎల్లుండీ అంటే ఓడ నీకోసం ఆగుతాదేటి? తియ్యండెహె, నింపండి." తన నోటితో అన్న మాటే. ఆ నింపిన చేతుల్లో గున్నమ్మ చేతులూ ఉన్నాయి.

జగన్నాధం ఆయన్ని చేయి పట్టుకుని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"బాబూ, మీరు కంగారు పడకండి. చివరి వరస కదా పాడైంది. దాన్ని వెనకాల పెడదాం. ముందర మంచి డబ్బాలుంటాయి. ఆఫీసరు అన్నీ విప్పడు. ఓడెక్కేస్తే మరి మనకేటి?"

"అక్కడ విప్పుతారు గదా."

"విప్పినప్పటి మాట. సముద్రం గాలి అందాం. ఒకవేళ ఇక్కడే పట్టుబడ్డామే అనుకోండి, గున్నమ్మ ఉంది గదా. ఎలాగూ మానిపించేసేం. పసుపుతో పాటు తడి చేతులూ పెట్టిందంటే సరిపోతుంది. ఆ మనిషికి ఇప్పుడు కొత్తగా పోయేదేటి?"

ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి. నరసింగరావు చెవులు ఎర్రబడలేదు. అదే ఆయనకి సిగ్గనిపించింది. ఎందుకంటే ఆ మాట విన్న మొదటి క్షణంలో ఆయన ప్రాణం కుదుటపడింది. అబ్బ, దారుంది, అనిపించింది. ఏజెంటు ట్రంకు కాల్లో చెప్పిన మాట చెవిలో ఉంది: ఈ ఓడ తప్పితే నేను మాట ఇవ్వలేనండీ, వాళ్ళకి కొచ్చిలో బోలెడు సరుకుంది. ఒక్క వరస వెనక్కి జరిపితే చాలు. ఎవరికీ తెలియదు.

లేచి స్టేషను వేపు నడిచాడు. గూడ్సుబండి ఒకటి ఆగి ఉంది. హమాలీలు వాననుంచి గోనెలు తప్పిస్తూ పెట్టెలోకి విసురుతున్నారు. పిక్కలే. ఊళ్ళో వేరే వర్తకులవి, పడమటికి పోతున్నాయి. తన తాత కళింగపట్నం రేవులో ఓడలకి సరుకెత్తినవాడు. ఎవరి సరుకో, ఎవరి పేరో, ఆయనకేం తెలుసు. భుజం కాయలు కాసిందని మాత్రం చెప్పేవాడు. నరసింగరావు ప్లాట్‌ఫారం బల్ల మీద చాలాసేపు కూచున్నాడు. మన పేరుతో ఓడెక్కాలని కదా ఇంత తాపత్రయం. ఆ పేరు కింద ముక్కిన పప్పు పెట్టి, ఆ తప్పు గున్నమ్మ పేరున రాస్తే, ఇంక నేనెవణ్ణి? ఆ పడమటి వర్తకుల్ని ఏ నోటితో తిడతాను? ఈ ఆలోచన వచ్చాక ఆయనకి జగన్నాధం మీద కాదు, తన మీదే కోపం ముంచుకొచ్చింది.

గురువారం పొద్దున్నే గున్నమ్మ ఇంటికి వెళ్ళాడు. ఊరి చివర పేటలో ఇల్లు. తలుపుకి గొళ్ళెం వేసి ఉంది. పక్కింటి తవిటమ్మ పేడకడి చేత్తో పట్టుకునే చెప్పింది, "ఉబాలకెల్లింది బాబూ. కూలికి పోకపోతే గడుస్తాదేటి?"

ఉబాలు, అంటే వరి నాట్లు, జోరుగా సాగుతున్న రోజులు. గట్ల మీద జారుతూ, పంచె ఒక చేత్తో, గొడుగు ఒక చేత్తో పట్టుకుని, ఒక చోట బోర్లా పడబోయి నిలదొక్కుకుని, చివరికి మడి దొరకబుచ్చుకున్నాడు. పది పన్నెండు మంది వంగి వెనక్కి నడుస్తూ నాటుతున్నారు. గున్నమ్మ చివర ఉంది.

"గున్నమ్మా!"

నడుం ఎత్తలేదు. "సెప్పండి బాబూ" అంది, నారు గుచ్చుతూనే.

ఫ్యాక్టరీ యజమాని గట్టు మీద గొడుగేసుకుని నిలబడడం చూసి మిగతా వాళ్ళు కిసుక్కున నవ్వుకున్నారు. నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. ఇంటి దగ్గర నాలుగు మాటలు కట్టుకుని వచ్చాడు, అవన్నీ గట్టు మీద జారిపోయినట్టున్నాయి.

"పప్పు ముక్కిపోయింది. ఆకరి వరసంతా. ఆరకముందు నాను తీయించేను. నీది గాదు తప్పు. పనిలోకి రా."

గున్నమ్మ చేతిలో నారుకట్ట అయిపోయేదాకా నాటింది. అప్పుడు నడుం పట్టుకుని మెల్లిగా లేచింది. మోకాళ్ళ దాకా బురద. వాన చినుకులు ముఖం మీంచి కారుతున్నాయి.

"నాను సేసింది తప్పు గాదా బాబూ?"

"తప్పే గానీ..."

"తప్పే. ఆ దొరబాబు సెప్పినంక నాకూ తెలిసింది. మనం మంచికెట్టింది ఆలకి మట్టి. ఒప్పుకుంటన్నాను. సూడగానే లెగిసి ఒప్పుకున్నాను గూడా. గానీ బాబూ, నువ్వు నన్ను అన్నది మడిలో గాదు. షెడ్డులో అన్నావు. ఆ బయటి మనిషి ముందర, నాతోటి పన్జేసినోలందరి ముందర అన్నావు. నా కోడలు ఆ సాయంత్రం నన్ను ఏటి సేసొచ్చేవత్తా అనడిగింది. నానేటి సెప్పీది?"

నరసింగరావు గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చాడు.

"ఇక్కడ నాతో సెప్పి ఎలిపోతే నాకు పని దొరుకుతాది, పరువు దొరకదు. షెడ్డులో అన్న మాట షెడ్డులో సెప్పు. రేపొస్తాను, ఇంటాను. అప్పుడు పనిలోకొచ్చీదీ రానిదీ సూద్దాం."

"రేపు ఆఫీసరుగారొస్తారు."

"ఆ దినం గూడా ఉన్నాడు గదా" అంది గున్నమ్మ, మళ్ళీ వంగుతూ. "ఈ మడి అయ్యేదాకా నాను కదల్ను. ఒప్పుకున్న పని."

శుక్రవారం వాన వెలిసింది. సుందరరావుగారు చెప్పిన వేళకే వచ్చారు. డబ్బాలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. చివరి వరస మాత్రం మూతలు తెరిచి, మధ్యలో, అందరికీ కనపడేలా ఉంది. జగన్నాధం ముఖం మాడిపోయి ఓ మూల నిలబడ్డాడు. గున్నమ్మ వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడింది. కర్రసుత్తి చప్పుళ్ళు ఒకటొకటిగా ఆగిపోయాయి. పొట్టు తీసే షెడ్డులోంచి ఆడవాళ్ళు లేచి వచ్చి తలుపుల్లో మూగారు.

"ఆఫీసరుగారూ, ఒక్క మాట" అన్నాడు నరసింగరావు. ఉత్తరీయం అంచు మళ్ళీ నలుపుతున్నాడు. మంత్రుల పక్కన కుర్చీ వేసుకుని మీటింగుల్లో మాట్లాడినవాడే, మరి ఏమయిందో. "ఈ వరస పప్పు ఆరలేదు. ముక్కిపోయింది. సోములు వద్దన్నాడు. ఓడ తప్పిపోతాదని నానే తీయించేను. ఇవి మూసి ఎనకాల పెడదామనీ, మీకు కనపడకుండా దాటిద్దామనీ మొన్న మనసులో ఉన్నాది. అబద్ధమెందుకు. చిటికెడు పసుపెట్టిందని గున్నమ్మని ఇక్కడే, మీ ముందరే, పొమ్మన్నాను. పసుపు దులిపితే పోతాది. నా తొందర దులిపితే పోయేది గాదు. ఆ మనిసిని మానిపించినోణ్ణి, నన్నెవరు మానిపించాల?"

సోములు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

వెనకాల పొట్టు తీసే ముసలి జగ్గమ్మ గొంతు లేచింది, "నిన్ను మానిపిస్తే మాకు కూలెవులిస్తారు నాయినా!"

ఘొల్లుమన్నారు. ఎన్నాళ్ళ నవ్వో, మూడు రోజులుగా బిగబట్టిందంతా ఒక్కసారి బయటికొచ్చింది. నరసింగరావు చెవులు కందగడ్డల్లా అయ్యాయి. ఆ ఎరుపు కోపానిది కాదని మొదటిసారి అందరికీ తెలిసింది. సుందరరావుగారు నవ్వలేదు. కాగితాలు సంచిలో పెట్టుకున్నారు.

"లాటంటే సరుకంతా కలిపి ఒకటే లెక్క. నేనయితే దీనికి సర్టిఫికెట్ ఇవ్వలేనండీ. వేరు చేసి, మళ్ళీ ఆరబెట్టి, పనికిరానిది తీసేసి కబురు పెట్టండి. వస్తాను." కొంచెం ఆగి అన్నారు, "ఓడ మాత్రం వెళ్ళిపోతుంది."

"ఎల్లనీండి."

"ఏజెంటుకి ఏం చెబుతారు?"

"ఇప్పుడు మీకు సెప్పిందే సెబుతాను. తీసుకుంటే తీసుకుంటాడు. నేకపోతే మళ్ళీ ఇంకో గుమ్మం ఎక్కుతాను."

చెప్పేశాడు గానీ, రెండేళ్ళ పరుగు ఒక్క మాటతో ఆగిపోయినట్టుంది. చుట్టూ చూశాడు. ఈ ఆడవాళ్ళకి వానాకాలమంతా పనుంటుందని తనే మాటిచ్చాడు. ఇప్పుడా మాట నిలుస్తుందో లేదో తనకే తెలియదు. ఎవరి ముఖం చూడాలో తెలియక గుమ్మం వేపు చూశాడు.

గున్నమ్మ గోడ వదిలి లోపలికి వచ్చింది. నవ్వలేదు, ఏడవలేదు. ఆయన ముందు నిలబడింది.

"ఆ ఓడెలిపోతే మళ్ళీ ఇంకో ఓడ ఉన్నాదా బాబూ?"

"ఉన్నాది. మనది తీసుకుంటారో నేదో తెల్దు."

"ఉన్నాది గదా" అంది గున్నమ్మ. కొంగు నడుముకి దోపింది. "మరి కొయ్యబొమ్మనాగ నిలబడ్డావేటి? సోములూ, మంటెయ్యి. పప్పంతా మళ్ళీ ఆరాల."

పనిలోకి వచ్చేసినట్టే. ఆ మాటతో నరసింగరావుకి ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తడిశాయి. పొగ అనుకున్నాడు, ఇంకా మంట వెయ్యనే లేదు. సోములు వేడిగది తలుపు తీసి, ఆ వరస పప్పు పెద్ద ట్రేలో పోసి, ఒక కొస పట్టుకుని రెండో కొసకి మనిషి కోసం చూశాడు. ఖాళీగా ఉన్నది యజమాని ఒక్కడే. నరసింగరావు ఉత్తరీయం తీసి తలకి చుట్టుకుని, ఆ కొస ఎత్తాడు.